విప్పని డిస్కు, రాని గుర్రం

డిసెంబరు మొదటి ఆదివారం దగ్గరపడుతున్నకొద్దీ హడర్స్‌ఫీల్డ్‌లో క్లైవ్ హెప్‌వర్త్‌కి ఆకలి మందగిస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం ‘తెల్ల పొట్టేలు’ పబ్బు మేడ మీద సినిమా డిస్కుల సంఘం వార్షిక సమావేశం. ఆ ఏడాది విడుదలైన డిస్కుల్లో తనకు బాగా నచ్చిన పదింటిని ప్రతి సభ్యుడూ లేచి నిలబడి చదవాలి. పదో స్థానంతో మొదలుపెట్టి ఒకటో స్థానానికి రావాలి. ఒకటోది చెప్పేముందు బీరు ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, అందరి మొహాలూ చూడాలి. ఇది ఎక్కడా రాసిపెట్టుకున్న నియమం కాదు. కానీ ఒక ఏడాది ఎవరో గుక్క తాగకుండానే చెప్పేస్తే, మరుసటి ఏడాది అతనికి కబురు వెళ్ళలేదు.

పెళ్ళినాడు కూడా క్లైవ్ ఇంత కంగారుపడలేదని భార్య గ్లెనిస్ అంటుంది. “అప్పుడు ఒక్కదాన్నే ఎంచుకున్నాడు. ఇప్పుడు పదింటిని ఎంచుకోవాలి కదా, పాపం.”

క్లైవ్‌కి యాభై దాటాయి. ఇళ్ళకి అప్పులిచ్చే సొసైటీలో పని. ఎదుటివాడి జీతం కాగితాలు వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తే గానీ సంతకం పెట్టడు. అంత అనుమానపు మనిషి డిస్కుల దగ్గరికొచ్చేసరికి, పెట్టె వెనక అట్ట మీద ఏం రాసుంటే అది నమ్మేస్తాడు. అట్ట దళసరిగా ఉందంటే సినిమా గంభీరంగా ఉంటుందని అతని లెక్క. లోపల పుస్తకం కూడా ఉందంటే ఇక కళాఖండమే.

వాళ్ళ ముందుగదిలో గోడలన్నీ అలమరలే. ఎండకి పెట్టెల రంగు వెలిసిపోతుందని ఆ గది కర్టెన్లు ఎప్పుడూ తియ్యరు. ఆ వీధిలో కొత్తగా దిగినవాళ్ళు ఇంట్లో ఎవరో పోయారనుకుని గ్లెనిస్‌ని పలకరించి వెళ్తుంటారు. అదే గదిలో గోడంత టీవీ కూడా ఉంది. దాని మీద గ్లెనిస్ కేకుల పోటీలు చూస్తుంది.

క్లైవ్ సినిమాలు చూడడు. ఈ సంగతి గ్లెనిస్‌కి తప్ప ఎవరికీ తెలియదు. చూడాలంటే డిస్కు విప్పాలి. విప్పాలంటే పెట్టె మీది పల్చటి ప్లాస్టిక్ తొడుగు చింపాలి. అది చింపాక ఆ పెట్టె ఇక కొత్తది కాదు. అలమరల్లో ఉన్న డిస్కులన్నీ ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయి.

ఆ డిసెంబరులో క్లైవ్ గుక్క తాగాడు, గ్లాసు పెట్టాడు, అందరి మొహాలూ చూశాడు.

“గంట మోగని రేవు,” అన్నాడు.

గదిలో మెచ్చుకోలుగా ఒక నిట్టూర్పు లేచింది. అది డెన్మార్క్ వాళ్ళ పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా. పోయాయనుకున్న రీళ్ళు ఏదో నేలమాళిగలో దొరికితే, ఒక చిన్న కంపెనీ ఆ ఎండాకాలంలో బరువైన అట్టపెట్టెలో పెట్టి విడుదల చేసింది. ఒక పడవవాడు, భర్త పోయిన ఒక ఇల్లాలు, ఒక తెల్ల గుర్రం. వెనక అట్ట ప్రకారం కథ అంతే.

“మూడుసార్లు చూశాను,” అన్నాడు క్లైవ్. “మూడోసారి కూడా గుర్రం సీను దగ్గర నావల్ల కాలేదు.”

“అబ్బ, ఆ గుర్రం!” అన్నాడు డంకన్ సైక్స్. అతను ఇళ్ళు అమ్మిపెట్టే బ్రోకరు, ఏం మెచ్చుకున్నా ఇల్లు చూపిస్తున్నట్టే మెచ్చుకుంటాడు. “ఆ సీనులో ఎంత గాలి, ఎంత వెలుతురు గురూ! నాకూ అదే ఒకటో స్థానం.”

సంఘం అధ్యక్షుడు ఆలిస్టర్ క్రాబ్‌ట్రీ కళ్ళు మూసుకున్నాడు. ఆయన రిటైరైన కళ్ళ డాక్టరు. “జీవితమంతా కళ్ళతోనే గడిపాను. అలాంటి వెలుతురు మాత్రం ఎప్పుడూ చూడలేదయ్యా,” అన్నాడు. అది అక్షరాలా నిజమని తర్వాత తేలింది.

అప్పుడు మూల నుంచి ఒక గొంతు వినిపించింది. “చాలా బాగుంది నాయనా. మరి ఎప్పుడు చూద్దాం?”

ఆవిడ పేరు వినిఫ్రెడ్ పాస్క్. బడిలో సంగీతం చెప్పి రిటైరైంది. సంఘానికి కొత్త.

“దేన్నండీ?” అన్నాడు ఆలిస్టర్.

“సినిమాని. ఇది సినిమా సంఘమే కదా? లైబ్రరీ గోడ మీద కాగితం చూసి వచ్చాను. ఇందాకట్నుంచీ పేర్లు చదువుతున్నారు, ఎవరూ లైట్లు ఆర్పరేంటా అని చూస్తున్నా.”

“అంటే... మేం ఎవరిళ్ళలో వాళ్ళం చూసుకుంటామండీ.”

“ఒక్కళ్ళేనా? అయ్యో పాపం. అందరం కలిసి చూద్దాం. వచ్చే ఆదివారం. ఈ క్లైవ్‌కి అంత నచ్చింది కదా, వాళ్ళింట్లోనే చూద్దాం.”

తన ఇంటి ప్రస్తావన రాలేదని ఖాయం చేసుకున్నాక డంకన్ బల్ల చరిచాడు. “బంగారంలాంటి మాట! పైగా క్లైవ్ దగ్గర రెండు కాపీలున్నాయి. దాచుకునేదొకటి, చూసేదొకటి. అవునా క్లైవ్?”

క్లైవ్ దగ్గర రెండు కాపీలున్న మాట నిజమే. రెండోది చూడటానికనే కొన్నాడు. కానీ అది వచ్చాక చూస్తే, దాని మూలలు మొదటిదానికంటే పదునుగా ఉన్నాయి. దాంతో రెండోదాన్ని దాచుకోవాల్సి వచ్చింది. మొదటిదాన్ని ముందే దాచుకున్నాడు.

“అవును,” అన్నాడు క్లైవ్. ఇంకేమనగలడు?

* * *

“విప్పాలి,” అన్నాడు ఇంటికొచ్చి, ఆపరేషన్‌కి ఒప్పుకున్నవాడిలా.

గ్లెనిస్ ఫోన్లో చెల్లెలు బెరిల్‌తో మాట్లాడుతోంది. క్రిస్మస్‌కి రమ్మంటే బెరిల్ బెట్టు చేస్తోంది. పోయినసారి వీళ్ళింటి చిన్నగదిలో పడుకుని రాత్రంతా కోటు విప్పలేదట. ఆ గది గోడకి బిగించిన రేడియేటర్, వేడినీళ్ళతో గదిని వెచ్చబెట్టే ఇనప పలక, కింది సగం వెచ్చగా ఉంటుంది, పైసగం మంచుముద్ద. బాగుచేస్తానన్న ప్లంబరు ఆకులు రాలకముందు నుంచీ ‘వచ్చే వారం’ అంటున్నాడు.

ఫోన్ పెట్టేసి గ్లెనిస్ అడిగింది. “ఏం విప్పాలి?”

క్లైవ్ చెప్పాడు.

“మూడుసార్లు చూశానన్నావా? నువ్వా? ఎప్పుడు?”

“చూడలేదులే.”

“ఏడ్చానని కూడా చెప్పావా?”

“వెనక అట్ట చదివినప్పుడు కొంచెం అనిపించింది, గ్లెనిస్.”

“సరే, ఇంకా వారం ఉందిగా. ఇవాళ ఒకసారి, రేపు ఒకసారి, ఎల్లుండి ఒకసారి చూసెయ్. ఆదివారానికి నిజమైపోతుంది.”

ఇంత తేలికైన దారి క్లైవ్‌కి తట్టనేలేదు. సోమవారం చేతులు కడుక్కుని పెట్టెని తీశాడు. మళ్ళీ లోపల పెట్టాడు. మంగళవారం మెత్తటి తువ్వాలు పరిచి దాని మీద పెట్టాడు. బుధవారం ఏ కాపీ విప్పాలా అని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరు పిల్లల్లో ఒకర్ని దత్తత ఇచ్చెయ్యమన్నట్టుంది అతని మొహం. ఆదివారం మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగేసరికి కూడా పెట్టె తువ్వాలు మీదే ఉంది, తొడుగు తొడుగు లాగే ఉంది.

“వచ్చేశారు గ్లెనిస్! వచ్చేశారు!”

గ్లెనిస్ వంటింట్లోంచి బంగాళాదుంపలు చెక్కే చాకుతో వచ్చింది. క్లైవ్ కళ్ళు మూసుకున్నాడు. చర్రుమని ఒక చప్పుడు.

“అయిపోయింది నాయనా,” అంది. “నొప్పి లేదు కదా?”

* * *

ఆ గది లైట్లు ఒక సినిమా కోసం ఆరడం చాలా ఏళ్ళలో ఇదే మొదటిసారి. సోఫాలో ఆలిస్టర్, డంకన్. మంచి కుర్చీలో వినిఫ్రెడ్, ఒళ్ళో సంచితో. క్లైవ్ స్టూలు మీద, ప్లాస్టిక్ తొడుగు జేబులో దాచుకుని.

తెర మీద డేనిష్‌లో ఏదో పేరు పడింది. ఆ భాష ఎవరికీ రాదు. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన, చేతిలో తోలుసంచితో మెట్లెక్కి వచ్చి ఒక తలుపు తట్టాడు. ఒకావిడ తలుపు తీసింది. కింద ఇంగ్లీషులో మాటలు పడ్డాయి: ‘ఈ రేవులో ఇక గంట మోగదు.’

“ఆహా,” అన్నాడు ఆలిస్టర్.

ఆవిడ పెద్దాయన్ని లోపలికి తీసుకెళ్ళి గోడవైపు చెయ్యి చూపించింది. గోడకి రేడియేటర్ ఉంది. ‘నా భర్త సముద్రంలో ఉన్నాడు,’ అని కింద పడింది. పెద్దాయన రేడియేటర్ పైభాగాన అరచెయ్యి ఆనించి తల అడ్డంగా ఊపాడు. అరచేతిని చాలాసేపు దగ్గరగా చూపించారు.

“ఆ చెయ్యి చూశారా?” అన్నాడు డంకన్. “ఒంటరితనం అంతా ఆ చేతిలో పెట్టాడు. ఎంత విశాలమైన చెయ్యి!”

పెద్దాయన సంచిలోంచి చిన్న తాళంచెవి తీసి, రేడియేటర్ పైమూలనున్న మరకి తగిలించి తిప్పాడు. తర్వాత బొమ్మ మారి, తెల్లటి కాగితం మీద గొట్టాలు, గొట్టాల్లో నల్లటి బాణాలు మెల్లగా కదిలాయి. కింద, ‘మనిషి ఎంత దూరం పోయినా నీళ్ళు అక్కడే ఉంటాయి.’



“ఇది కల,” అని తేల్చాడు ఆలిస్టర్. “పడవవాడి కల. మీ అందరికీ గుర్తుండే ఉంటుంది.”

“మర్చిపోతామా?” అన్నాడు డంకన్.

క్లైవ్ ఒళ్ళో ఉన్న పెట్టెకేసి చూశాడు. పెట్టె మీద పడవ ఉంది. తెర మీద పడవ లేదు. రేవు లేదు. పడవవాడనుకోవాల్సిన పెద్దాయన ఇప్పుడు రెండో ఇంటికెళ్ళి రెండో రేడియేటర్ మీద చెయ్యి పెట్టాడు. కానీ ఆలిస్టర్ చూశాడు కదా, డంకన్ చూశాడు కదా. వాళ్ళిద్దరూ ఊరుకున్నారంటే సినిమా ఇదే అయ్యుండాలి. సోఫాలో వాళ్ళిద్దరూ క్లైవ్ గురించి సరిగ్గా ఇదే అనుకుంటున్నారని అతనికి తెలియదు.

“గుర్రం ఎప్పుడొస్తుంది?” అంది వినిఫ్రెడ్.

“వస్తుందండీ,” అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

మూడో ఇల్లు కూడా అయింది. గుర్రం రాలేదు.

“ఒక రకంగా చూస్తే,” అన్నాడు ఆలిస్టర్ జాగ్రత్తగా, “గుర్రాన్ని చూపించకుండానే చూపించాడనుకోవచ్చు.”

అప్పుడే గ్లెనిస్ మిన్స్ పైల పళ్ళెం, క్రిస్మస్‌కి చేసే తీపి కజ్జికాయల్లాంటివి, పట్టుకుని లోపలికి వచ్చింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. తెరకేసి చూస్తూ అలాగే నిలబడింది.

“క్లైవ్, దాన్ని కాస్త వెనక్కి తిప్పు.”

“సినిమా మధ్యలోనా?”

“ఆ తాళంచెవి ఎటు తిప్పాడో సరిగా చూడలేదు. మన చిన్నగదిలో దానికి వచ్చిన రోగం ఇదే. పైన చల్లగా, కింద వెచ్చగా.”

“గ్లెనిస్,” అన్నాడు డంకన్, చిన్నపిల్లకి చెప్పినట్టు. “అది రేడియేటర్ కాదు. అది ఒక ప్రతీక.”

“ఏదైతేనేం బాబూ. ఎటు తిప్పాడు?”

వినిఫ్రెడ్ సంచి కింద పెట్టింది. “నాకు నిజంగానే అర్థం కావట్లేదు. క్లైవ్, నువ్వు మూడుసార్లు చూశావుగా. గుర్రం ఈ ఇంట్లో ఉందా, పక్కింట్లో ఉందా? ఒక్క మాట చెప్పు, స్థిమితంగా కూర్చుంటాను.”

అందరూ క్లైవ్‌వైపు తిరిగారు. ఆలిస్టర్ చూపులో ఒక బతిమాలాట ఉంది. ‘చివర్లో వస్తుంది’ అంటే చాలు, పైలు తిని, టీ తాగి, మర్యాదగా ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోవచ్చు. ఇన్నేళ్ళ పేరు నిలబడుతుంది. కానీ చివర్లో కూడా రాకపోతే? సొసైటీలో తన బల్లకి అవతల కూర్చుని, లేని జీతం ఉందని చెప్పేవాళ్ళ మొహాలు క్లైవ్‌కి గుర్తొచ్చాయి. వాళ్ళ చెవులు ముందు ఎర్రబడతాయి. తన చెవులు ఇప్పుడు వేడిగా ఉన్నాయి. ఆ ఇంట్లో రేడియేటర్ కంటే వేడిగా ఉన్నాయి.

“నేను చూడలేదండీ,” అన్నాడు.

“గుర్రాన్నా?” అంది వినిఫ్రెడ్.

“సినిమాని.”

“మూడోసారా?”

“మొదటిసారి కూడా. సీలు ఇందాకే విప్పాం. అది కూడా నేను కాదు, గ్లెనిస్ విప్పింది.” జేబులోంచి నలిగిన ప్లాస్టిక్ తొడుగు తీసి అందరికీ చూపించాడు. “ఈ గోడల మీదున్నవి ఏవీ చూడలేదు. ఏ ఏడాదివీ చూడలేదు.”

తెర మీద పెద్దాయన గుడ్డతో నీటిచుక్క తుడిచాడు. ‘దేవుడు క్షమిస్తాడు, సముద్రం క్షమించదు,’ అని పడింది.

“నువ్వు చూడలేదు సరే,” అంది వినిఫ్రెడ్, డంకన్ వైపు తిరిగి. “మరి నువ్వు?”

“నేనా? నేను చూశాను! నా కాపీలో గుర్రం ఉంది. నిలువెత్తు గుర్రం.”

“ఏం రంగు?”

డంకన్ చూపు పెట్టె కోసం గదంతా వెతికింది. పెట్టె క్లైవ్ ఒళ్ళో బోర్లా ఉంది. “బూడిద రంగు,” అన్నాడు.

“బ్లాక్ అండ్ వైట్‌లో అన్నీ బూడిద రంగేనండీ,” అని ఆలిస్టర్ అడ్డుపడ్డాడు. తర్వాత గడ్డం పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. “అంటే డిస్కులో వేరే సినిమా పడిందన్నమాట. రాసిన మాటలు సరైనవే, బొమ్మ తప్పు. నేలమాళిగలో రీళ్ళు కలిసిపోయి ఉంటాయి. ఎండాకాలం నుంచీ దేశమంతా దీన్నే మెచ్చుకుంటోంది. ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. ఎందుకంటే ఒక్కరు కూడా...”



డంకన్ హఠాత్తుగా లేచి నిలబడ్డాడు. “తప్పు ముద్ర పడ్డ డిస్కు! సీలుతో సహా! ఇలాంటిది మళ్ళీ దొరుకుతుందా! క్లైవ్, నీది పాడైపోయింది, పాపం. నేను వెళ్ళాలి. నా కాపీ కిటికీ పక్కన పెట్టాను.”

“చూశానన్నావుగా?” అంది గ్లెనిస్.

“చూశాను. సీలు విప్పకుండా, జాగ్రత్తగా చూశాను.”

కోటు ఒక చెయ్యికే తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆలిస్టర్‌కి కూడా ఇంట్లో పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చినట్టు గుర్తొచ్చింది. కారు తలుపులు రెండు, ఒకదాని వెంట ఒకటి, దబ్‌దబ్‌మన్నాయి.

మిగిలిన ముగ్గురూ పళ్ళెం మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. క్లైవ్ సినిమా ఆపేసి, ఇక వినిఫ్రెడ్ కూడా లేస్తుందనుకుని తల దించుకున్నాడు.

“ఆపేశావేం నాయనా?” అందావిడ. “ఆ నాలుగో ఇంటివాళ్ళ సంగతేంటో తేలలేదు.”

చివరిదాకా చూశారు. నాలుగో ఇంటివాళ్ళ రేడియేటర్ కూడా వేడెక్కింది. పెద్దాయన టోపీ సర్దుకుని మంచులో నడిచి వెళ్ళిపోతుంటే, ఇంటింటా కిటికీల్లోంచి జనం చేతులూపారు. వినిఫ్రెడ్ ముక్కు చీదుకుంది. క్లైవ్ కూడా స్వెట్టర్ చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. అట్ట చదివినప్పటి కంటే ఎక్కువే అనిపించింది.

వాళ్ళ వంటింటి సొరుగులో, అడుగున, ఆగిపోయిన చేతిగడియారాలకీ తెగిన రబ్బరు బ్యాండ్లకీ మధ్య ఒక బుల్లి ఇత్తడి తాళంచెవి ఉండేది. ఆ ఇల్లు కొన్నప్పటి నుంచీ ఉంది. దేనిదో తెలియదు, అందుకని పారెయ్యలేదు. గ్లెనిస్ దాన్ని తెచ్చింది. చిన్నగదిలో ముగ్గురూ రేడియేటర్ పక్కన వంగారు. వినిఫ్రెడ్ గుడ్డ పట్టుకుంది, గ్లెనిస్ గిన్నె పెట్టింది, క్లైవ్ పెద్దాయన తిప్పినట్టే తిప్పాడు. బుస్సుమంటూ లోపల ఇరుక్కున్న గాలి పోయింది. తర్వాత నల్లనీళ్ళు క్లైవ్ స్వెట్టర్ మీద చిమ్మాయి. తాళంచెవి తిప్పి మూసేశాడు. కాసేపాగి అరచెయ్యి పైన ఆనించాడు.

“గ్లెనిస్,” అన్నాడు మెల్లగా. “పైన కూడా వేడిగా ఉంది.”

బెరిల్ క్రిస్మస్‌కి వచ్చింది. గది ఎంత వెచ్చగా ఉందంటే ఫిబ్రవరి దాకా వెళ్ళలేదు. సినిమాలు చూడటం వల్ల నష్టాలు కూడా ఉంటాయని క్లైవ్‌కి అప్పుడు తెలిసింది.

* * *

డిస్కులు వేసిన కంపెనీ వసంతంలో ఒక ప్రకటన ఇచ్చింది. పెట్టె విప్పి చూసుకోండి, తప్పు సినిమా ఉంటే పంపండి, సరైనది పంపుతామంది. తిరిగొచ్చిన డిస్కులేమీ లేవని తర్వాత ఇంకో ప్రకటన ఇచ్చింది. దాన్ని బట్టి పొరపాటు చాలా కొద్ది కాపీల్లోనే జరిగి ఉంటుందని భావిస్తున్నామంది.

వినిఫ్రెడ్ ఆదివారాలు క్లైవ్ ఇంటికి రావడం అలవాటు చేసుకుంది. ఆవిడ ఒక పెట్టె వేలుపెట్టి చూపిస్తుంది, గ్లెనిస్ బంగాళాదుంపల చాకు తెస్తుంది. మొదట్లో క్లైవ్ కళ్ళు మూసుకునేవాడు. తర్వాత తర్వాత కళ్ళు తెరిచే ఉంచాడు గానీ, కిటికీవైపు చూసేవాడు. కిటికీకి ఇప్పుడు కర్టెన్లు తీసే ఉంటున్నాయి. రెండో కాపీ కూడా విప్పించింది ఆవిడ. గుర్రం అందులోనూ లేదు.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. పబ్బు మేడ మీద క్లైవ్ లేచి నిలబడ్డాడు. ఏడో స్థానంతో మొదలుపెట్టాడు.

“పది చదవాలి కదయ్యా?” అన్నాడు ఆలిస్టర్.

“చదవదగ్గవాటిల్లో నేను చూసినవి అన్నే,” అన్నాడు క్లైవ్.

ఒకటో స్థానం దగ్గర గుక్క తాగాడు. గ్లాసు పెట్టాడు. అందరి మొహాలూ చూశాడు.

“రేడియేటర్ల సినిమా.”

“అది పోయినేటిది,” అన్నాడు డంకన్. “నియమం ఒప్పుకోదు.”

“అయితే కొట్టెయ్యండి. ఒకటో స్థానం ఖాళీగా ఉంచుకుంటాను. దాని పక్కన పెట్టదగ్గది ఈ ఏడాది నాకేదీ కనపడలేదు.”

ఆలిస్టర్ కళ్ళు మూసుకోబోయి, ఎందుకో మళ్ళీ తెరిచాడు.

తర్వాత డంకన్ వంతు. అతని ఒకటో స్థానం పోర్చుగల్ సినిమా, అయిదు గంటలది. నాలుగుసార్లు చూశానన్నాడు. ఒక నిమ్మతోట సీను గురించి చాలా చెప్పాడు.

“వినడానికే ఎంత బాగుందో,” అంది వినిఫ్రెడ్, మూల నుంచి. “మరి ఆదివారం మీ ఇంట్లోనే చూద్దామా నాయనా?”

డంకన్ గ్లాసులోకి చూశాడు. పైకప్పుకేసి చూశాడు. “తప్పకుండా పిలిచేవాణ్ణే వినిఫ్రెడ్ గారూ. కానీ మా హాల్లో కూర్చోలేరు, చలికి గడ్డకట్టుకుపోతారు. రేడియేటర్ పాడైంది. కింద వెచ్చగానే ఉంటుంది గానీ, పైన...”

 క్లైవ్ జేబులోంచి ఇత్తడి తాళంచెవి తీసి, బల్ల మీద, అతని గ్లాసు పక్కన పెట్టాడు.